పంపులు ఆగిన మధ్యాహ్నం

పెట్టుబడి సంస్థలో ఉద్యోగం అంటే డబ్బులిచ్చే ఉద్యోగం అనుకుంటారు చాలామంది. మా బంధువుల్లో ఒకావిడ అయితే నేను బీరువా తాళాలు నడుముకు దోపుకుని తిరుగుతానని అనుకునేది. నిజానికి అది లేదని చెప్పే ఉద్యోగం. వచ్చినవాళ్ళలో ఎక్కువమందికి లేదనే చెప్పాలి. అదీ ఎదురుగా కూర్చుని, వాళ్ళ మొహం చూస్తూ, రేపు మళ్ళీ పనికి లేచేంత ఓపిక వాళ్ళకు మిగిలేలా చెప్పాలి. రిటైరయ్యేదాకా ఆ విద్య నాకు సరిగా పట్టుబడనే లేదు. ఇప్పుడు అవే ఉద్యోగాల్లో చేరిన పిల్లలు చిక్కబళ్ళాపురంలో మా ఇంటికి వచ్చి, పొగ రాకుండా అమ్మోనియా తయారుచేసే కంపెనీల గురించి నాకు మొదటినుంచీ చెప్పబోతుంటే నవ్వొస్తుంది. ఆ మాట నేను రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళలోనే విన్నాను, బాగేపల్లి దగ్గర ఒక పట్టుపురుగుల షెడ్డులో.

కెమికల్ ఇంజనీరింగు చదివి, కొన్నేళ్ళు ఒక ఎరువుల కర్మాగారంలో పనిచేసి, ఆ తర్వాత బెంగళూరులో ఒక చిన్న పెట్టుబడి సంస్థలో చేరాను. కొత్త ఆలోచనలతో వచ్చే చిన్న కంపెనీల యంత్రాలు నిజంగా పనిచేస్తాయో లేదో చూసి చెప్పడం నా పని. మా పెద్దాయన ముంబై మనిషి. మాట తక్కువ, ప్రశ్నలు ఎక్కువ. తెలుగూ కన్నడమూ రెండూ రావు. నా పక్క సీటులో లెక్కలు చూసే ఢిల్లీ అబ్బాయి ఉండేవాడు. ఎక్కడికి వెళ్ళినా ల్యాప్‌టాప్‌ను చంటిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. మేం ముగ్గురం కలిసి వెళ్ళామంటే అందులో ఊరి మనుషులతో మాట్లాడగలిగేది నేనొక్కదాన్నే. అందుకని ఆఫీసులో నన్ను సగం ఇంజనీరు, సగం దుబాసీ అని ఏడిపించేవారు.

చింతామణి నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. వాళ్ళది ఎరువుల అంగడి. విత్తనాల కాలంలో యూరియా దొరక్క రైతులు వరసకట్టి నిలబడడం, తండ్రి స్టాకు లేదని చెప్పి తిట్లు తినడం చూస్తూ పెరిగాడు. ఊరికి కావలసిన ఎరువు ఊరి దగ్గరే చేయాలన్నది అతన్ని పట్టుకున్న పిచ్చి. యూరియాకు మూలం అమ్మోనియా. గాలిలో ఉన్న నత్రజనికి హైడ్రోజన్ కలిపితే అది వస్తుంది. నత్రజనికి కొదవలేదు, చిక్కంతా హైడ్రోజన్‌తోనే. పెద్ద కర్మాగారాలు దాన్ని సహజవాయువు నుంచో నాఫ్తా అనే పెట్రోలియం నూనె నుంచో తీస్తాయి, బోలెడంత కాలుష్యం వదులుతాయి. ఈ అబ్బాయి నీళ్ళలోకి కరెంటు పంపి హైడ్రోజన్ తీస్తానన్నాడు. అందులో కొత్తేమీ లేదు. కొత్తదల్లా దాన్ని చిన్నది చేసి, పల్లెకు వచ్చే మామూలు కరెంటు లైను మీద నడుపుతానన్నది. తాలూకాకు ఒక యంత్రం పెడితే చాలట. నేను ఎరువుల కర్మాగారంలో పనిచేసినదాన్ని కాబట్టి మొదట నవ్వాను. తర్వాత అతని బొమ్మలూ లెక్కలూ చూసి నవ్వడం మానేశాను. మొదటి విడత పెట్టుబడి ఇప్పించింది నేనే.

షెడ్డు పెట్టింది బాగేపల్లికి కాస్త దూరంలో ఉన్న పల్లెలో. అక్కడ అద్దె తక్కువ. షెడ్డు యజమాని పెద్ద వయసు రైతు, ఊరంతా ఆయన్ను తాత అనేది. పట్టుపురుగుల పెంపకం కలిసిరాక షెడ్డు ఖాళీగా పడి ఉంటే ఈ అబ్బాయికి ఇచ్చాడు. చుట్టరికం ఏమీ లేదు. అయినా మొదటిసారి నేను వెళ్ళినప్పుడు సొంత మనవడి గురించి చెప్పినట్టు చెప్పాడు.

"పురుగుల కన్నా ఈ అబ్బోడే మేలమ్మా. అవైతే రెయ్యీ పగలూ ఆకు అడగతాయి. వీడు అన్నం గూడా అడగడు. మనమే పిలిచి పెట్టల్ల."

"తాతా, నన్ను పురుగుల్తో కలిపేస్తివా?" అన్నాడు అబ్బాయి, యంత్రం కింద నుంచి తల బయటపెట్టి.

"కలపలేదురా. అవి మూడు పూట్లా తింటాయి, నువ్వు తినవు. అంతే చెప్తాండా."

నాకు ఆ షెడ్డు నచ్చింది. ఒక పక్క గోడకు ఇంకా చంద్రికలు ఆనించి ఉండేవి, పురుగులు గూళ్ళు కట్టుకునే వెదురు తట్టలు. వాటి మధ్య ఉక్కు గొట్టాలు, కంప్రెసరు, నీళ్ళ తొట్లు. అబ్బాయి, అతనితో చదువుకున్న ఇద్దరు స్నేహితులు, ఒక వెల్డరు, అంతే కంపెనీ. తాత రోజూ వచ్చి వాకిట్లో కూర్చునేవాడు. అమ్మోనియా ఘాటుకు కళ్ళ నీళ్ళు కారితే తుడుచుకుంటూ, ఈ పొద్దు బాగా వచ్చినట్లుండాదే అని సంతోషపడేవాడు.

ఏడాది తిరిగేసరికి మొదటి విడత అయిపోయింది. రెండో విడత వస్తే యంత్రం పెద్దది చేయవచ్చు, రాకపోతే షెడ్డుకు తాళమే. అబ్బాయి తన తండ్రి అంగడి మీద అప్పటికే కొంత అప్పు తెచ్చి వాడేశాడు, ఇంక అటు చూసే మొహం లేదు. మా పెద్దాయన ఒకటే షరతు పెట్టాడు. యంత్రాన్ని అంతవరకూ ఎక్కువగా అద్దె జనరేటరు మీద నడిపేవారు. డీజిలు కాల్చి కాలుష్యం లేని ఎరువు తీయడమేమిటన్నాడాయన. జనరేటరు పక్కన పెట్టి, ఊరి లైను మీదే నడిపి చూపించాలి, తాను స్వయంగా వచ్చి చూస్తానన్నాడు.

అబ్బాయి బెదరలేదు. వానాకాలంలో లైను మీద నడిపి చూసుకున్నాడు, బాగా నడిచింది. ఆ పల్లెలో మూడు ఫేజుల కరెంటు వంతుల మీద వచ్చేది, వచ్చిన రోజున కూడా కొన్ని గంటలే. ఆ గంటలు చాలునని అతని లెక్క. మేం వెళ్ళబోయే వారం ముందు మాత్రం ఒకసారి లైను మీద పెడితే యంత్రం మధ్యలో ఆగిపోయింది. కరెంటులో తేడా వస్తే యంత్రాన్ని ఆపే రిలే ఒకటి పాడైందని తేల్చి దాన్ని మార్చాడు. నాకు ఫోను చేసి, "అంతా సరిపోయిందక్కా, రిలేనే దొంగ" అన్నాడు. ఆఫీసులో మేడం అనేవాడు, ఫోనులో అక్కా అనేవాడు. నేనూ నమ్మాను. రిలేలు పాడవడం మేం చూడనిదా.

అప్పుడు వానలు ముఖం చాటేసి చాలా రోజులైంది. బోర్లు ఉన్నవాళ్ళు వేరుశనగనూ టమాటానూ బోరు నీళ్ళతోనే లాక్కొస్తున్నారు. హైవే మీద బాగేపల్లి దాకా వచ్చి, అక్కణ్ణుంచి లోపలికి తిరిగాక దారి పొడుగునా చేలు వాడిపోయి కనిపించాయి. కాలవల్లో నీళ్ళు పారడం లేదు. కరెంటు ఇంకా రాలేదేమో అనుకున్నాను. పెద్దాయన కారు కిటికీలోంచి చూస్తూ ఇవి ఏ చేలు, ఎప్పుడు కోస్తారు, ఎకరాకు ఎంత ఎరువు వేస్తారు అని అడుగుతూనే ఉన్నాడు. ఢిల్లీ అబ్బాయికి మాత్రం ల్యాప్‌టాప్‌ మీద దుమ్ము పడుతోందన్న బాధే.

మేం వెళ్ళేసరికి కరెంటు వచ్చే ఉంది. షెడ్డు ముందు ముగ్గు వేసి, గుమ్మానికి మావిడాకులు కట్టారు. యంత్రానికి కూడా బొట్టు పెట్టారు. అబ్బాయి ఇస్త్రీ చొక్కా వేసుకుని పెళ్ళికొడుకులా ఉన్నాడు. జనరేటరును షెడ్డు బయటికి తోసి, దాని తీగలు విప్పి పెద్దాయనకు చూపించాడు. తర్వాత స్విచ్చి వేశాడు.

యంత్రం నడిచింది. వోల్టేజీ ముల్లు పాతిన గుంజలా కదలకుండా నిలబడింది. కంప్రెసరు ఒకే శ్రుతిలో పాడింది. చాలాసేపయ్యాక అబ్బాయి ఒక తెల్లగుడ్డను పసుపునీళ్ళలో ముంచి, చివరి గొట్టం దగ్గర పట్టి, మర కొద్దిగా తిప్పాడు. పచ్చటి గుడ్డ చూస్తుండగానే కుంకుమ రంగుకు తిరిగింది. అమ్మోనియా తగిలితే పసుపు ఎర్రబడుతుంది. మాకు తెలిసిన సంగతే, అయినా పెద్దాయన చిన్నపిల్లవాడిలా ఇంకోసారి చేయమన్నాడు. ఆయన నవ్వగా నేను చూసిన సందర్భాలు చాలా తక్కువ, అందులో అదొకటి. నా వైపు తిరిగి తలూపాడు. ఆ తలూపుకు అర్థం నాకు తెలుసు. రెండో విడత వచ్చేసినట్టే. నాకు గుండెల నిండా గాలి పీల్చుకున్నట్టైంది.

భోజనం తాత ఇంట్లో. రాగి ముద్ద, ఉలవల చారు, పక్కన నెయ్యి. ముద్దను నమలకుండా మింగాలని ఢిల్లీ అబ్బాయికి చూపించి నవ్వుకుంటున్నాం. తాత మా మధ్య తిరుగుతూ వడ్డిస్తున్నాడు. ఆయన సంతోషానికి పట్టపగ్గాలు లేవు. యంత్రం చాలా బాగా నడిచిందప్పా అని నేను ఊరికే ఆయనతో అన్నాను.

"అదెట్ల నడవకుండా పోతాదమ్మా?" అన్నాడు తాత, చారు గరిటె చేత్తో పట్టుకునే. "నిన్న పొద్దుగూకేతలికే ఇంటింటికీ పోయి చెప్పి పెట్టినా. రేపు మన లైను మీద ఒక్క బోరు గూడా ఆడేదానికి లేదు, అబ్బోడి మిషను పాసయ్యేదాకా ఎవురూ స్టార్టరు ముట్టుకోగూడదు అని. పోయిన వారం చూస్తి గదా, అందరూ బోర్లు వేస్తానే ఆ మిషను ఉసూరుమని నిలిచిపాయె. ఈ పొద్దు ఒక్కడు గూడా ముట్టుకోలా, చూడు! మా ఊరోళ్ళంటే ఏమనుకుంటివి?"

నా చెయ్యి ఆకులోనే ఆగింది. "మరి చేలకు నీళ్ళప్పా?" అన్నాను.

"చెనిక్కాయ ఊడలు దిగతాండాది. నీళ్ళు కావల్సిందే. ఒక వంతుకు ఏమయితాదిలే. మళ్ళా వంతుకు కట్టుకుంటారు." గొంతు తగ్గించి, ఏదో గొప్ప రహస్యం చెప్పినట్టు, "వానికి చెప్పలేదు. చెప్తే వద్దంటాడు" అన్నాడు.

ఆ వాడు తాత వెనకాలే కూర్చుని ఉన్నాడు. ప్రతి మాటా విన్నాడు. అంటే రిలే కాదు. వానాకాలంలో యంత్రం బాగా నడవడానికి కారణం అప్పుడు ఎవరికీ బోరు అవసరం లేకపోవడమే. కరెంటు వచ్చే గంటలు ఇతని యంత్రానికీ అవే, రైతుల బోర్లకూ అవే. రెండూ కలిస్తే లైను మొయ్యలేదు. ఇన్ని పరీక్షలు పెట్టిన నాకూ, ఇన్ని లెక్కలు వేసిన అతనికీ తట్టని సంగతి, తాత ప్రేమకొద్దీ చేసిన పని వల్ల తేలింది.

"ఏమంటున్నారాయన?" అని పెద్దాయన ఇంగ్లీషులో నన్ను అడిగాడు.

ముద్దను నమలకూడదని అప్పుడే పాఠం చెప్పినదాన్ని, నోట్లో ముద్ద పెట్టుకుని నమలడం మొదలుపెట్టాను. ఏం చెప్పాలో ఆలోచించుకోవడానికి నాకు కాస్త సమయం కావాలి. చెప్పాల్సిందే, అందులో సందేహం లేదు. ఎలా మొదలుపెట్టాలన్నదే తెలియలేదు. ఆ అబ్బాయి నాకు ఆ శ్రమ తప్పించాడు. చెయ్యి ఆకు మీద పెట్టి, తల ఎత్తి, తాత అన్నదంతా ఒక్కటి కూడా తగ్గించకుండా ఇంగ్లీషులో పెద్దాయనకు చెప్పాడు. తర్వాత తాత వైపు తిరిగాడు.

"తాతా, అందరినీ బోర్లు వేసుకోమను."

"వేసుకుంటార్లేరా. వీళ్ళు కారెక్కి పోనీ."

"ఇప్పుడే తాతా. వీళ్ళు ఉండంగానే."

తాతకు ఏమీ అర్థం కాలేదు. కానీ అబ్బాయి మొహం చూసి బయటికి నడిచాడు. మేం చేతులు కడుక్కుని షెడ్డుకు వెళ్ళాం. యంత్రం ఇంకా హాయిగా పాడుతూనే ఉంది. కాసేపటికి పక్క చేలో గొట్టం నోటి నుంచి నీళ్ళు దూకిన చప్పుడైంది. ఆ తర్వాత ఇంకో చేలో. ముల్లు కొద్దిగా వంగింది. ఒక్కో బోరు మొదలైనకొద్దీ ఇంకా వంగింది. కంప్రెసరు పాట మూలుగైంది, దీపాలు ఎర్రబడ్డాయి. అప్పటికి తాత షెడ్డు గుమ్మం దగ్గరికి వచ్చాడు. యంత్రం మూలుగు వినగానే వెనక్కి తిరిగి చేల వైపు చేతులూపుతూ, "ఆపండ్రా! ఒరే, ఆపండ్రా బోర్లు!" అని కేకలు పెట్టాడు. అబ్బాయి వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దు తాతా, ఆడనీ. నీళ్ళు కట్టుకోనీ."

యంత్రం తనంతట తానే ఆగిపోయింది. షెడ్డులో చప్పుడు పోయాక చుట్టూ నీళ్ళు పారుతున్న శబ్దం బాగా వినిపించింది. పెద్దాయన అబ్బాయి భుజం మీద చెయ్యి వేశాడు. "ఎరువు పంట కోసం," అన్నాడు నెమ్మదిగా. "నీళ్ళూ పంట కోసమే. ఉన్న కరెంటు ఒకటే. దేనికిస్తావు?" అది దెప్పిపొడుపు కాదు, నిజంగానే అడిగాడు.

తిరుగుదారిలో చిక్కబళ్ళాపురం దాకా ఢిల్లీ అబ్బాయి ల్యాప్‌టాప్‌ సంచి మీద చేతులు పెట్టుకుని బయటికి చూస్తూ కూర్చున్నాడు. అక్కడ నన్ను మా ఇంటి దగ్గర దింపేటప్పుడు పెద్దాయన ఒక మాట అన్నాడు. "ఆ కుర్రవాడికి కళ్ళు మూసుకుని డబ్బివ్వాలని ఉంది. కానీ ఆ యంత్రానికి ఇవ్వలేను."

నేను ఊరికే వదల్లేదు. ఆఫీసులో వాదించాను. విడిగా లైను వేయిస్తే అన్నాను, గాలిమర పెట్టుకుంటే అన్నాను. ఢిల్లీ అబ్బాయి పాపం నా కోసమని ప్రతిదానికీ లెక్క కట్టి చూశాడు, నా వైపు తేల్చాలని నిజంగా ప్రయత్నించాడు. ఎలా కట్టినా అలా పుట్టిన ఎరువును అంత ధరకు కొనే రైతు ఉండడు. ఆ రోజుల్లో గాలి కరెంటు, ఎండ కరెంటు ఇప్పటిలా చవగ్గా లేవు. అతని ఆలోచన తప్పు కాదు, దానికి కావలసిన కాలం ఇంకా రాలేదు. అలాంటివాటికి మా సంస్థ దగ్గర ఒకే జవాబు ఉండేది.

పిల్లలూ, ఇప్పుడు మీరు పెడుతున్న పెట్టుబడులు చూస్తే నాకు ఈర్ష్యగానే ఉంటుంది. ఎండ నుంచి కరెంటు, ఆ కరెంటుతో అమ్మోనియా. మంచిదే, జరగాల్సిందే. ఒక్కటి మాత్రం ఈ పాత మనిషి చెబితే వినండి. యంత్రం చూడ్డానికి వెళ్ళినప్పుడు అది నడుస్తోందా లేదా అని మాత్రమే చూసి రాకండి. అది నడవడం కోసం చుట్టుపక్కల ఏమేం ఆగిపోయిందో కూడా చూసి రండి. మిమ్మల్ని మోసం చేసేవాళ్ళను మీరు పట్టుకోగలరు, ఆ చదువు మీకుంది. మీ మీద ప్రేమతో బోర్లు ఆపేసేవాళ్ళను పట్టుకోవడమే కష్టం. ఆ అబ్బాయి ఏమయ్యాడని అడుగుతారేమో. బాగానే ఉన్నాడు. వేరేవాళ్ళ కంపెనీలో, ఇంకో రాష్ట్రంలో, పెద్ద ఎత్తున ఇదే పని చేస్తున్నాడు. పండక్కి ఫోను చేస్తాడు.

అప్పట్లో అతనికి లేదని చెప్పడానికి నేనే వెళ్ళాను. ఫోనులో చెప్పే మాట కాదది. బస్సులో బాగేపల్లి దాకా, అక్కణ్ణుంచి ఆటోలో. అబ్బాయి షెడ్డు వాకిట్లో నిలబడి ఉన్నాడు, నన్ను చూడగానే అర్థం చేసుకున్నాడు. "పర్లేదక్కా," అని తనే ముందన్నాడు, లోపలినుంచి నాకు కుర్చీ తెచ్చి వేశాడు. నేను వచ్చినప్పటి నుంచీ అరుగు మీద కూర్చుని చూస్తున్న తాతే అడిగాడు.

"ఏమమ్మా, అబ్బోడిది పాసేనా?"

"లేదప్పా," అన్నాను.

ఆయన భుజం మీది తువ్వాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "నేను ఆ పొద్దు అన్నం కాడ నోరు మూసుకోనుంటే ఇచ్చుండేవోళ్ళా?"

అబ్బాయి నా వైపు చూశాడు. కాదని చెప్పమని ఆ చూపు. నాకూ అలాగే చెప్పాలనిపించింది. కానీ అంత నిజంగా అడిగిన మనిషికి అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

"ఇచ్చేవాళ్ళప్పా."

తాత భుజాలు కుంగిపోయాయి. అబ్బాయి వెళ్ళి ఆయన పక్కన కూర్చుని, నవ్వించడానికన్నట్టు భుజంతో భుజాన్ని తోశాడు. "ఇచ్చింటే మాత్రం ఏమయ్యేది తాతా? నా మిషను ఆడల్లంటే దినామూ మీరంతా బోర్లు ఆపుకోని కూచోవల్ల. చేన్లు ఎండిపోతాంటే చూస్తా కూచోవల్ల. ఎన్ని దినాలు కూచుంటారు?"

తాత దాన్ని వేళాకోళంగా తీసుకోలేదు. తల పైకెత్తి, తన చేను వైపు చూసి, లెక్క వేసుకుంటున్నట్టు కాసేపు ఆలోచించాడు.

"కూచుందుము గదరా," అన్నాడు. "నువ్వు అడిగింటే కూచుందుము."

తాత ఇంట్లో అందరి ముందూ తలెత్తి నిజం చెప్పిన ఆ అబ్బాయి, యంత్రం ఆగినప్పుడు నిబ్బరంగా నిలబడ్డ ఆ అబ్బాయి, ఇప్పుడు మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని ఏడ్చేశాడు. తాత గాబరాపడి అతని వీపు నిమురుతూ నా మొహంలోకి చూశాడు.

"ఏమ్మా, వీడు ఏడుస్తాండాడే. నేను మళ్ళా ఏమన్నా తప్పు మాట్లాడితినా?"

"లేదప్పా," అన్నాను. "తప్పేమీ మాట్లాడలేదు."